నల్ల దారం కట్టిన సీసాలు

మా కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌లో ముప్పై రెండేళ్లు అటెండరుగా పనిచేసిన నతానియేల్ గురించి ఎవరూ ఏమీ రాయరు. రిటైరయ్యే రోజున శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి, గ్రూపు ఫొటో దిగే ఆనవాయితీ మా దగ్గర ఉంది. అతనికి అదీ దక్కలేదు. పదవీ విరమణ ఇంకా పద్నాలుగు నెలలుందనగా పంపించేశారు. ఆ కాగితం రాసింది నేనే. కాబట్టి ఇదీ నేనే రాయాలి.

నేను అక్కడ కెమిస్ట్రీ లెక్చరర్ని. పేరు శ్రీలలిత. కర్బన సమ్మేళనాల వర్గీకరణ నాకు ఒంటబట్టింది ఎమ్మెస్సీలో కాదు. ఈ మాట వింటే నాకు చదువు చెప్పినవాళ్లు బాధపడతారేమో, పడనీ. వివృత శృంఖలాలు, సంవృత శృంఖలాలు, సంతృప్తం, అసంతృప్తం, ఆరోమాటిక్, విషమ చక్రీయం అంటూ బోర్డు మీద పటం గీసి వాళ్లు బట్టీ పట్టించారు. నేనూ బుద్ధిగా బట్టీ పట్టి ఫస్ట్‌క్లాసు తెచ్చుకున్నాను. పన్నెండేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన మొదటి వారం, ప్రొపనోన్ సీసా కోసం బీరువాలన్నీ తిరగేస్తుంటే ఒక బక్కపల్చటి మనిషి వెనకగా వచ్చి నిలబడ్డాడు.

"మీరు పేరు పట్టుకుని వెతుకుతున్నారండి. ఇంటిపేరు పట్టుకుని వెతకాలి" అన్నాడు.

మూడో అరలో చెయ్యిపెట్టి ఆకుపచ్చ దారం కట్టిన సీసా తీసి ఇచ్చాడు. దాని మీద అసిటోన్ అని ఉంది. ప్రొపనోన్ అన్నా అసిటోన్ అన్నా ఒకటేనని నాకు తెలుసు. తెలిసీ లేబుళ్ల మీద 'పి' అక్షరం వెతుకుతున్నాను, అదీ నా తెలివి.

నతానియేల్ వాళ్లది కోస్తా. తండ్రి ఏదో హాస్టల్లో వంట చేసేవాడట. ఇంటర్ తప్పి, సికింద్రాబాద్‌లో ఉన్న మేనమామ ఇంటికి వచ్చి, చర్చిలో ఎవరో చెబితే మా కాలేజీలో చేరాడు. అతను చేరేనాటికి లాబ్ స్టోర్ రూములో సీసాలు ఏ వరసా లేకుండా పడి ఉండేవట. తన వరస తానే కట్టుకున్నాడు. పై అరలో కర్బనం, హైడ్రోజన్ తప్ప మరేమీ లేనివి. వాటిలోనే గొలుసులన్నీ ఒక పక్క, వలయాలన్నీ మరో పక్క. బెంజీన్, టోలీన్ వలయాలే అయినా వాటికి విడిగా ఒక మూల. కింది అరలో ఆల్కహాళ్లు. మెథనాల్, ఇథనాల్, ప్రొపనాల్... కర్బనం ఒక్కొక్కటీ పెరిగే కొద్దీ కుడివైపుకి ఒక్కొక్క అన్నదమ్ముడు. దాని కింద ఆల్డిహైడ్లు, కీటోన్లు. ఆ కింద ఆమ్లాలు. అమీన్లు కిటికీ దగ్గర, వాటి నీచు వాసన బయటికి పోవడానికి. అన్నిటికన్నా అడుగున, నేల బారున, క్లోరిన్ తగిలించుకున్న కుటుంబం.

కుటుంబానికొక దారం రంగు. ఆల్కహాల్‌కి ఎరుపు, ఆమ్లానికి పసుపు, ఆల్డిహైడ్లకీ కీటోన్లకీ ఆకుపచ్చ, అమీన్‌కి నీలం, క్లోరిన్ ఉన్నవాటికి నలుపు. సీసా మెడకి రెండు చుట్లు చుట్టి ముడి వేసేవాడు.

"గొలుసు ఎంత పొడుగైనా పర్లేదండి. గొలుసు ఊరికే ఉంటుంది. చివర తగిలించుకున్న గుంపే కరుస్తుంది" అనేవాడు పిల్లలతో. ప్రమేయ సమూహం అనే పాఠం నేను గంటసేపు చెప్పినా ఇంత బాగా చెప్పలేను. పిల్లలు నా పాఠం మరిచిపోయి పరీక్షలో అతని మాట రాసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది, మార్కులు మాత్రం వేసేదాన్ని.

ఆ దారాలు పిల్లల కోసమని ఇన్నేళ్లూ అనుకున్నాను. కాదు. అవి దేవమ్మ కోసం.

దేవమ్మ లాబ్ ఆయా. గాజుసామాను కడగటం, ప్రాక్టికల్స్ అయ్యాక మిగిలిన ద్రావకాలను వ్యర్థాల డబ్బాల్లో పోయటం ఆమె పని. మొదట కాలేజీలో రోజుకూలీకి ఊడ్చేది. ఒకసారి చూపిన సీసాను మళ్లీ అడగకుండా తెచ్చే జ్ఞాపకం ఆమెదని గమనించి, పంతొమ్మిదేళ్ల కిందట ఆమెను లాబ్‌లోకి తీసుకొమ్మని పైవాళ్లను అడిగింది నతానియేలే. లాబ్ పనికి ఏడో తరగతి చదివి ఉండాలన్నారు. దేవమ్మ బడి గుమ్మం ఎక్కలేదు. అప్పటికే మూతపడిన ఒక బడి పేరు మీద ఎక్కడినుంచో సర్టిఫికెట్ పుట్టించాడు. దానితోపాటు 'ఈమె లేబుళ్లు చదవగలదు, నేను పూచీ' అని తన సంతకంతో ఒక కాగితం ఇచ్చాడు. ఆ సాయంత్రమే దారం ఉండలు కొనుక్కొచ్చాడు.

పంతొమ్మిదేళ్లలో ఒక్క తప్పు జరగలేదు. స్టోర్ రూములో వ్యర్థాలకి రెండు డబ్బాలుండేవి. కిటికీ పక్కన కుడివైపు నల్ల దారం డబ్బా, క్లోరిన్ ఉన్నవాటికి. ఎడమవైపు ఎర్ర దారం డబ్బా, మిగతావాటికి. రెండూ ఎన్నడూ కలవకూడదు. కలిస్తే ఏమవుతుందో దేవమ్మకి నతానియేల్ ఒకే ఒక్కసారి చెప్పాడట. ఆమె అప్పటి నుంచీ నల్ల డబ్బా ముట్టుకున్న చేతిని కడుక్కోకుండా ఎర్ర డబ్బా మూత తీసేది కాదు.

ఇక యుగంధర్ సంగతి. కాలేజీకి కొత్తగా వచ్చిన పాలనాధికారి. చెడ్డవాడని రాయడానికి నాకు మనసు ఉబలాటపడుతోంది గానీ, చెడ్డవాడు కాదు. శుభ్రత పిచ్చి. పోయిన ఆషాఢంలో మాకు ఇన్‌స్పెక్షన్ పడింది. స్టోర్ రూములోకి వచ్చి ఆ దారాలు చూసి, "ఇదేంటి, తాయెత్తులా?" అన్నాడు. సీసాలన్నీ ఇంగ్లీషు అక్షరాల వరసలో పెట్టాలి, దారాలన్నీ తీసేయాలి, పాత డబ్బాలు పారేసి కొత్తవి పెట్టాలి, సోమవారానికి అయిపోవాలి.

అభ్యంతరం చెప్పాల్సింది నేను. క్షారం పక్కన ఏది ఉండకూడదో, దేని పక్కన ఏముంటే ప్రమాదమో చెప్పాల్సిన చదువు నాది. ఇన్‌స్పెక్షన్ అయ్యాక మళ్లీ సర్దుకోవచ్చులే అనుకుని ఊరుకున్నాను.

ఆ శని ఆదివారాలు నతానియేల్ ఒక్కడే కూర్చుని నాలుగు వందల సీసాల దారాలు బ్లేడుతో కోశాడు. దేవమ్మ లేదు. లష్కర్ బోనాలు, ఆమె మూడు రోజులు సెలవు పెట్టింది. కొత్త డబ్బాలు రెండూ ఒకటే తెలుపు, ఒకటే సైజు. మీద ఇంగ్లీషులో అచ్చేసిన లేబుళ్లు. అక్షరాల వరసే గనక, హాలోజన్ ఉన్నవాటి డబ్బా మొదట, లేనివాటిది తర్వాత. అంటే క్లోరిన్ డబ్బా కుడి నుంచి ఎడమకి వచ్చింది.

మంగళవారం దేవమ్మ పనిలోకి వచ్చింది. అప్పుడు స్టోర్ రూములో యుగంధర్ ఫోను పట్టుకుని అరలన్నీ వీడియో తీస్తున్నాడు. ఆమెకి చదువు రాదన్న సంగతి అతని ముందు బయటపడకూడదు. అందుకని నతానియేల్ చదువు వచ్చినవాళ్లకి చెప్పినట్టే చెప్పాడు.

"దేవమ్మా, డబ్బాలు మారాయి. మీద రాసుంది, చూసి పొయ్యి."

"మంచిది సారు" అంది దేవమ్మ.

యుగంధర్ వెళ్లాక విడిగా చెబుదామనుకున్నాడు. యుగంధర్ వెళ్లలేదు. అచ్చు కాగితాలు తెమ్మని అతన్నే బేగంపేట పంపాడు. నతానియేల్ మెట్రో దిగి పరుగులాంటి నడకతో వచ్చేసరికి నాలుగున్నర.

ఆ మధ్యాహ్నం సెకండియర్ ప్రాక్టికల్స్. గాజుసామాను కడిగిన అసిటోన్ మిగిలింది, అందులో కాస్త కాస్టిక్ సోడా. దేవమ్మ లేబుల్ వైపు చూసిందో లేదో తెలియదు, చూసినా ఒకటే. పంతొమ్మిదేళ్లుగా చెయ్యి ఎటు పోయిందో అటే, ఎడమవైపు డబ్బాలో పోసింది. ఆ డబ్బాలో అంతకు ముందు రోజు పోసిన క్లోరోఫాం ఉంది. కొత్త డబ్బా మూత బిగుతు, ఇన్‌స్పెక్షన్‌కి వాసన రాకూడదని ఇంకా బిగించింది. కాసేపటికి డబ్బా వేడెక్కి ఉబ్బటం చూసి ఏమైందోనని వంగింది.

నేను పక్క గదిలో రికార్డులు దిద్దుతున్నాను. ఆమె అరవలేదు. ఏదో పెద్ద పాత్ర కిందపడిన చప్పుడు, ఆ తర్వాత పిల్లల కేకలు. నేను వెళ్లేసరికి నేల మీద కూర్చుని, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, "నీళ్లు, నీళ్లు" అంటోంది. కుళాయి కింద తల పెట్టించి పావుగంట పట్టుకున్నాను. కుడి కన్ను నిలబడింది. ఎడమది పోయింది.

విచారణ సంఘం వేశారు. యాజమాన్యం తరఫున ఒక పెద్దాయన, యుగంధర్, నేను. నేనే రాతకోతలన్నీ చూడాలి. పదకొండో రోజున దేవమ్మ సగం మొహానికి కట్టుతో వచ్చి కూర్చుంది.

"లేబుల్ అంత పెద్దగా ఉంది కదమ్మా. చదవలేదా?" అన్నాడు యుగంధర్.

"చదివిన సార్. చదివి సుత గలత్ పోసిన. యాది తప్పిన."

తలుపు దగ్గర నిలబడ్డ నతానియేల్ వైపు ఆమె ఒక్కసారైనా చూడలేదు. నేను వాంగ్మూలం రాసి ఇస్తే, ఒక పేజీ చదవడానికి పట్టేంత సేపు కాగితం పట్టుకుని, కింద తన పేరు రాసింది. ఆ మూడక్షరాలు నేర్పింది కూడా నతానియేలే.

పెద్దాయన మెత్తబడ్డాడు. పాత మనిషి, ఒక హెచ్చరికతో వదిలేద్దాం, ఆసుపత్రి ఖర్చు కాలేజీదే, ఇకమీదట గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెడదాం అన్నాడు. యుగంధర్ కూడా సరేనన్నాడు. అంతటితో అయిపోయేది. దేవమ్మకి ఒక కన్ను, ఒక ఉద్యోగం మిగిలేవి.

నాకు నిద్రపట్టలేదు. డబ్బాలు మార్చిన సంగతి రిపోర్టులో ఒక్క ముక్క లేదు. తప్పంతా ఆ మనిషి మతిమరుపు మీదకి తోసి వీళ్లు చేతులు దులుపుకుంటున్నారని నాకు కడుపు మండిపోయింది. నేను మాత్రం నోరెత్తని దాన్ననే సంగతి ఆ మంటలో కనబడలేదు. మర్నాడు సాయంత్రం రాంగోపాల్‌పేటలో నతానియేల్ ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ గ్రేసీ టీ ఇచ్చింది. అతను చాలాసేపు నీళ్లు నమిలి, సర్టిఫికెట్ దగ్గర్నుంచి దారాల దాకా మొత్తం చెప్పాడు.

"రేపు సంఘం ముందు ఇదే చెప్పు" అన్నాను.

గ్రేసీ కప్పు కింద పెట్టింది. "ఆమె తనంతట తాను ఒప్పుకుంది కదండీ. ఉద్యోగం ఉంచుతామంటున్నారు. ఇప్పుడెందుకండీ కదపడం?"

"అబద్ధం మీద ఎన్నాళ్లుంటుంది? నిజం చెబితే తప్పు ఎవరిదో వాళ్ల మీదకి పోతుంది. అప్పుడు ఆమెకి పరిహారం కూడా అడగొచ్చు" అన్నాను. ఆ ఇంట్లో కూర్చుని, వాళ్ల టీ తాగుతూ, నేనిచ్చిన ఉపన్యాసం ఇది.

"నా మీదకే రావాలండి. దారాలు కోసింది నా చేతులే" అన్నాడు నతానియేల్. "మంగళవారం నాడు ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆవిడకి చదువు రాదు సార్ అని ఒక్క మాట. నా సంతకం బయటపడుతుందని భయపడ్డాను."

"మీకేమండీ మేడం" అంది గ్రేసీ నాతో, గొంతు పెంచకుండానే. "మీరు చెప్పి వెళ్తారు."

మర్నాడు అతను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. నిలబడే చెప్పాడు. తన పూచీ కాగితం, తన దారాలు, తన మంగళవారం. తప్పు తనది, దేవమ్మది కాదు, ఆమెకి న్యాయం చేయమని అడిగాడు. చెప్పటం అయ్యాక అతని మొహం తేలికపడటం నేను చూశాను. ఆ కాసేపు నేను కూడా గర్వపడ్డాను. సిగ్గులేకుండా గర్వపడ్డాను.

యుగంధర్ లేచాడు. బీరువా తీసి పాత ఫైలు తెచ్చి, సర్టిఫికెట్ బయటికి లాగి బల్ల మీద పెట్టాడు.

"అంటే ఇది దొంగ కాగితం" అన్నాడు పెద్దాయన వైపు చూసి. "అలాంటప్పుడు ఈమె నియామకమే చెల్లదు కదా సార్. ఉద్యోగే కానప్పుడు మన బాధ్యత ఎక్కడిది?"

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకోవటం అయ్యాక అవునన్నాడు.

ప్రమాదం వివరాలు నింపే ఫారంలో ఒక గడి ఉంటుంది. గాయపడిన వ్యక్తి ఏ తరగతికి చెందుతారు? నాలుగే తరగతులు. శాశ్వత ఉద్యోగి, తాత్కాలిక ఉద్యోగి, విద్యార్థి, బయటి వ్యక్తి. సమ్మేళనాలను కుటుంబాలుగా విడదీయటం పిల్లలకి పన్నెండేళ్లుగా నేర్పుతున్న నేను, పెన్ను పట్టుకుని ఆ నాలుగు గళ్ల ముందు కూర్చున్నాను. పంతొమ్మిదేళ్లు మా గాజుసామాను కడిగిన మనిషిని బయటి వ్యక్తి గడిలో టిక్కు పెట్టాను. నతానియేల్‌ని దొంగ పూచీ కింద తొలగించే కాగితమూ నేనే రాశాను.

ఎందుకు రాశావని ఎవరూ అడగలేదు గానీ, చెబుతాను. నాది ఏడాదికొకసారి పొడిగించే ఉద్యోగం. ఇద్దరి కూడు ఎలాగూ పోయింది, మూడోది కూడా ఎందుకు అనుకున్నాను. సరిగ్గా ఇలాగే అనుకున్నాను. నా మీద నాకు అసహ్యం.

నతానియేల్ ఇప్పుడు రాంగోపాల్‌పేటలోనే ఒక అత్తరు దుకాణంలో సీసాలకి మూతలు బిగిస్తాడు. ఒకసారి కనబడితే, "ఇక్కడంతా ఎస్టర్లేనండి, ఒకటే కుటుంబం, గొడవ లేదు" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

దేవమ్మ దగ్గరికి వెళ్లటానికి నాకు అయిదు నెలలు పట్టింది. కాప్రా చెరువు వెనక ఒక గదిలో ఉంటుంది. కొడుకు లారీ మీద పోతాడు, నెలకి రెండుసార్లు ఇంటికొస్తాడు. గదిలో పసుపు నీళ్ల వాసన, గోడకి అమ్మవారి పటం. కిటికీ గట్టు మీద కంటి చుక్కల సీసాలు రెండు. ఒకదాని మెడకి ఎర్ర దారం, ఇంకోదానికి నీలం.

"ఎర్రది పొద్దుగాల, నీలం పండుకునేటప్పుడు" అంది నేను చూడటం గమనించి. "అయితారం చర్చి అయినంక సారు వస్తడు. కొత్త సీసలు తెస్తే దారం కట్టి పోతడు."

"నా వల్లే దేవమ్మా ఇదంతా. అతన్ని చెప్పమన్నది నేనే" అన్నాను. దారి పొడవునా కూడబలుక్కున్న మాట అది.

"ఎరుకే మేడం. సారు చెప్పిండు." చుక్కల సీసాలు రెండూ గట్టు లోపలికి జరిపింది. "చదివిన అని చెప్పినప్పుడు నాకు జెర మంచిగనిపించింది. అందరి ముంగట చదివిన అన్న. గా మాట సుత ఉండనియ్యకపోతిరి."



ఆమె లేచి మంచం కింద నుంచి ఒక బిస్కెట్ డబ్బా లాగింది. అందులోంచి ఒక కాగితం తీసి నాకిచ్చింది. పరిహారం కోసం కొడుకు చేత రాయించిన అర్జీకి కాలేజీ ఇచ్చిన జవాబు. కాలేజీ ముద్ర, యుగంధర్ సంతకం. వాక్యాలు నావి. ఒక మధ్యాహ్నం కూర్చుని, ఎక్కడా తప్పు లేకుండా, మర్యాద తప్పకుండా నేను రాసిన వాక్యాలు.

"సారు ఒకపాలి చదివిండు. మీరు సుత చదువుర్రి మేడం. ఇప్పుడు నాకు చదువు రాదని దాచేదేముంది?" అంది.

'శ్రీమతి దేవమ్మ గారు ఈ సంస్థకు బయటి వ్యక్తి అయినందున, ఆమె గాయానికి సంస్థకు ఎటువంటి సంబంధమూ లేదు. ఈ విషయమై ఇకపై ఉత్తర ప్రత్యుత్తరాలు జరపబడవు.'

నిజం చెప్పాలని ఊరికి ఉపదేశం చేసిన దాన్ని. గొంతు సవరించుకుని చదివాను. "మీ విషయం పరిశీలనలో ఉంది. తొందరలోనే కబురు చేస్తాం. అంతే దేవమ్మా, ఇంతే ఉంది."

ఆమె మిగిలిన కంటితో నన్నే చూస్తోంది.

"సారు సుత గదే చదివిండు" అంది. "మీ లెక్కనే, మొఖం అటు తిప్పి."

కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచింది. గూట్లో ఉన్న ఉండ నుంచి నల్ల దారం తెంపి, రెండు చుట్లు చుట్టి ముడి వేసింది. బిస్కెట్ డబ్బాలో రేషన్ కార్డు, ఆధార్, కొడుకు ఫొటోలు ఉన్నాయి. ఆ కాగితాన్ని మళ్లీ వాటిలో కలపలేదు, విడిగా గోడ వారగా నేల మీద పెట్టింది. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి ఆ డబ్బా మూత పెట్టింది.